రంగశంకర: ఒక నటి తోటి నటుల కోసం కట్టించిన నాటకశాల

బెంగళూరు జె.పి.నగర్ రెండో ఫేజ్‌లో ఉన్న రంగశంకర నాటకశాలకు వెళ్ళాలనుకునే తెలుగువారు నన్ను తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. కన్నడం అంతగా రాకపోతే అక్కడ కూర్చోవడం వృథానా అన్నది మొదటిది, టికెట్టుకు పెట్టిన డబ్బుకు తగినది దొరుకుతుందా అన్నది రెండోది. రెండింటికీ జవాబులున్నాయి గానీ వాటికంటే ముందు చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఇది సాంస్కృతిక శాఖవారి కళాభవనం కాదు, పెళ్ళిళ్ళకూ సభలకూ అద్దెకిచ్చే ఆడిటోరియమూ కాదు. రంగస్థలం మీదే వయసంతా గడిపిన అరుంధతీ నాగ్ అనే నటి పూనుకుని, నిధులు కూడగట్టి, పన్నెండేళ్ళు ఓపిక పట్టి నిలబెట్టిన హాలు ఇది. ఇక్కడి నియమాలను చూసినా, సీట్ల అమరికను చూసినా, నటుడికి ఏం కావాలో తెలిసిన మనిషి వాటిని నిర్ణయించారని తెలిసిపోతుంది. ప్రేక్షకుడి సౌకర్యానిది ఇక్కడ రెండో స్థానమే. ఆ సంగతి తెలుసుకుని వెళ్ళినవారికి హాలు నచ్చుతుంది, తెలియక వెళ్ళినవారికి తలుపు దగ్గరే చిర్రెత్తుకొస్తుంది.

కాబట్టి హాలు గురించి చెప్పాలంటే ముందు ఆ నటి గురించి కొంత చెప్పక తప్పదు. అరుంధతి 1956లో ఢిల్లీలో పుట్టి, చిన్నతనంలోనే కుటుంబంతోపాటు ముంబై చేరారు. చదువుకునే రోజుల్లోనే ఇప్టా అనే ప్రజా నాటక సంఘం బృందంతో నాటకాల్లోకి వచ్చారు. 1970లలో ముంబైలో నాటకం అంటే ఒకటి కాదు. గుజరాతీ, మరాఠీ భాషల్లో టికెట్లు తెగే వ్యాపార నాటకాలు ఒక పక్క నడుస్తుంటే, దాదర్‌లోని ఛబీల్దాస్ పాఠశాల హాల్లో కొద్దిమంది ప్రేక్షకుల ముందు ప్రయోగాత్మక నాటకాలు మరో పక్క సాగేవి. ఆ నగరంలో తయారైన నటికి ఒక భాషనే అంటిపెట్టుకునే అలవాటు ఉండదు. అరుంధతి గుజరాతీ, మరాఠీ, హిందీ, ఇంగ్లీషు నాటకాల్లో నటించారు. నాటకాల్లోనే పరిచయమైన శంకర్ నాగ్‌ను పెళ్ళి చేసుకుని బెంగళూరు వచ్చాక కన్నడ రంగస్థలం ఎక్కారు. మన నటీనటుల్లో చాలామంది మాండలికం మార్చడానికే తటపటాయిస్తారు. ఆమె ఏకంగా ఐదో భాషలోకి వెళ్ళి, అందులోనే తన ముఖ్యమైన పాత్రలు వేశారు.

శంకర్ నాగ్ పేరు తెలుగువారికి కొత్త కాదు. దూరదర్శన్‌లో 'మాల్గుడి డేస్' చూసినవారందరూ ఆయన దర్శకత్వాన్ని చూసినట్టే. ఆ దంపతుల 'సంకేత్' బృందం కన్నడంలో చేసిన నాటకాల జాబితాను గమనిస్తే, ప్రయోగం అంటే ప్రేక్షకుడికి అర్థం కాకుండా ఉండడమని వారు అనుకోలేదని స్పష్టమవుతుంది. గిరీశ్ కర్నాడ్ 'అంజు మల్లిగె', 'నాగమండల', జయవంత్ దళ్వీ మరాఠీ నాటకం 'సంధ్యాఛాయ' అందులో ఉన్నాయి. '27 మావళ్ళి సర్కిల్' కూడా ఉంది. చూపులేని ఒక స్త్రీ ఇంట్లోకి దుండగులు చొరబడే అమెరికన్ థ్రిల్లర్‌కు అది బెంగళూరు రూపం. మావళ్ళి అంటే ఎం.టి.ఆర్. హోటలున్న పేటే, విదేశీ కథను తెచ్చి లాల్‌బాగ్ పక్కన కూర్చోబెట్టారన్నమాట. జర్మన్ నాటక రచయిత బ్రెహ్ట్ రాసిన 'మదర్ కరేజ్'ను అరుంధతి కన్నడంలో 'హులగూరు హులగవ్వ'గా ఆడారు. యుద్ధం వెంట బండి లాక్కుంటూ సైనికులకు సరుకులమ్ముకుని బతికే ఆ తల్లి, తన పిల్లల్ని మింగుతున్నది ఆ యుద్ధమేనని ఎప్పటికీ గ్రహించదు. ఆ పాత్రను కన్నీళ్ళతో గెలవడం సులభం. ఆ కన్నీళ్ళను ఆపి ఆడమన్నదే బ్రెహ్ట్ పెట్టిన పరీక్ష.

1990 సెప్టెంబరు 30న దావణగెరె సమీపంలో జరిగిన కారు ప్రమాదంలో శంకర్ నాగ్ మరణించారు. అప్పటికి ఆయనకు ముప్ఫై అయిదేళ్ళు. అదే కారులో ఉన్న అరుంధతి తీవ్రంగా గాయపడ్డారు. బెంగళూరులో నాటకాలకు మాత్రమే కేటాయించిన ఒక శాల ఉండాలన్న శంకర్ కోరికను ఆమె చేతికెత్తుకున్నారు. 1992లో సంకేత్ ట్రస్టు ఏర్పడింది, 2004 అక్టోబరు 28న రంగశంకర తలుపులు తెరుచుకున్నాయి. మధ్యలో గడిచిన పన్నెండేళ్ళలో స్థలం కోసం, డబ్బు కోసం తిరిగిన నటికి వేషాలకు ఎంత సమయం మిగిలి ఉంటుందో ఊహించవచ్చు. తర్వాతి కాలంలో 2008లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 2010లో పద్మశ్రీ, 'పా' హిందీ చిత్రంలో అమ్మమ్మ పాత్రకు ఉత్తమ సహాయ నటిగా జాతీయ అవార్డు వచ్చాయి. పత్రికలు ఎక్కువగా రాసేది ఈ చివరిదాని గురించే. నాటకాల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసిన మనిషిని ఒక్క సినిమాతో గుర్తుపెట్టుకోవడం మన దగ్గరా ఉన్న జబ్బే.

ఇక హాలు సంగతి. వాస్తుశిల్పి షారుఖ్ మిస్త్రీ రూపకల్పన చేసిన ఈ భవనంలో సీట్లు దాదాపు 320. వేదిక ప్రేక్షకుల్లోకి కొంత ముందుకు చొచ్చుకుని వచ్చి ఉంటుంది. సీట్ల వరుసలు నిటారుగా పైకి లేస్తాయి, కాబట్టి ముందున్నవారి తల అడ్డం వచ్చే సమస్య దాదాపు ఉండదు. చివరి వరుసలో కూర్చున్నా నటి కనుబొమ కదలిక కనిపిస్తుంది. మన ఊళ్ళలో నాటక పరిషత్తుల పోటీలు చూసినవారికి ఇక్కడ మొదట కొట్టొచ్చినట్టు కనిపించే తేడా మైకులు. మన వేదికల మీద పైనుంచి వేలాడే మైకులు నాలుగైదు ఉంటాయి. పాత్రధారులు తెలియకుండానే ఆ మైకుల కిందికి జరుగుతారు, భార్యాభర్తలు పోట్లాడుకుంటున్నా ఇద్దరూ ఒకే మైకు కింద నిలబడి పోట్లాడుకుంటారు. దర్శకుడు ఎంత ఆలోచించి కదలికలు కూర్చినా చివరికి ఎవరు ఎక్కడ నిలబడాలో మైకే తేలుస్తుంది. రంగశంకరలో మైకు లేకుండా మామూలు గొంతుతో మాట్లాడినా చివరి వరుస దాకా వినిపిస్తుంది. గుసగుసను గుసగుసగానే పలకవచ్చు. నటుడు ప్రేక్షకులకు వీపు చూపి మాట్లాడవచ్చు. వినడానికి ఇవి చిన్న సౌకర్యాలుగా అనిపిస్తాయి గానీ, నటన అనే పని స్వరూపాన్నే ఇవి మార్చేస్తాయి.

ఆ మార్పు ఎంతటిదో నాకు తెలిసింది గిరీశ్ కర్నాడ్ రాసిన 'బిఖరే బింబ్'లో అరుంధతిని చూసినప్పుడు. 2005లో ఈ హాల్లోనే కన్నడంలో 'ఒడకలు బింబ'గా మొదలైన నాటకం ఇది. కర్నాడ్, కె.ఎం.చైతన్య కలిసి దర్శకత్వం వహించారు. కన్నడంలోనూ, తర్వాత హిందీలోనూ ప్రధాన పాత్ర అరుంధతిదే. వేదిక మీద ఉండేది ఒక్క నటి, ఒక టీవీ తెర. మంజుల నాయక్ అనే ఇంగ్లీషు అధ్యాపకురాలు కన్నడంలో కథలు రాసి పెద్దగా పేరు తెచ్చుకోలేకపోతుంది, ఇంగ్లీషులో ఒకే ఒక నవలతో ప్రపంచ ప్రసిద్ధురాలవుతుంది. టీవీ స్టూడియోకు వచ్చి, కన్నడ రచయిత్రి ఇంగ్లీషులో ఎందుకు రాసిందన్న విమర్శకు సమాధానం చెప్పుకుంటుంది. భర్తను పొగుడుతుంది, నడుము కింది భాగం చచ్చుబడి చక్రాల కుర్చీలో బతికి చనిపోయిన చెల్లెల్ని తలుచుకుని గొంతు గద్గదం చేసుకుంటుంది. ప్రసంగం ముగిసి వెళ్ళబోతుంది. తెరమీద ఆమె బొమ్మ మాత్రం వెళ్ళదు. అక్కడే కూర్చుని ఆమెను ప్రశ్నించడం మొదలుపెడుతుంది. ఆ నవల నిజంగా ఎవరు రాశారన్నది మెల్లగా బయటపడుతుంది.

ఈ నాటకంలోని కష్టాన్ని నాటకం వేసినవారు వెంటనే పట్టుకుంటారు. ఎదుటి పాత్రధారి మాట మరిచిపోతే అందిస్తాం, ఆలస్యం చేస్తే ఆగుతాం, ప్రేక్షకులు నవ్వితే నవ్వు సద్దుమణిగేదాకా ఇద్దరమూ నిలుస్తాం. ఇక్కడ ఎదుటి పాత్రధారి ముందే చిత్రీకరించిన తానే. ఆ బొమ్మ ఎవరికోసమూ ఆగదు. ప్రశ్న వేసి, జవాబుకు కేటాయించిన క్షణాలు గడవగానే తర్వాతి ప్రశ్న వేస్తుంది. ఒక ఎత్తిపొడుపు మాటకు హాలంతా నవ్వినప్పుడు అరుంధతి చేసిన పని నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. తన జవాబులో మొదటి ముక్కను ఆ నవ్వులోనే కలిపేశారు, ముఖ్యమైన రెండో ముక్కను నవ్వు తగ్గే క్షణానికి అందేటట్టు పలికారు, పలుకుతూనే చేతిసంచీని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నారు. బొమ్మ తర్వాతి ప్రశ్న సరిగ్గా సమయానికే వచ్చింది. చూసేవారికి అది ఇబ్బందిలో పడ్డ మనిషి తడబాటులా కనిపించింది, నిజానికి గడియారం ముల్లుతో నటి ఆడుతున్న పందెం అది. అదే కాలంలో తెరమీది ముఖం ప్రశాంతంగా, కాస్త వెటకారంగా చూస్తోంది. ఒకే ముఖంలోని ఈ రెండు రకాల నటనలను పక్కపక్కన చూసే అవకాశం మామూలు నాటకంలో ఎక్కడ దొరుకుతుంది? వెయ్యిమంది పట్టే హాల్లో, మైకుల కింద, ఈ నాటకం సగానికి సగం చచ్చిపోయేది. తెరమీది కళ్ళు ఎలాగూ పెద్దవిగానే కనిపిస్తాయి, వాటికి ఎదురు నిలిచిన అసలు మనిషి కళ్ళు కనిపించాలంటే ఇంత దగ్గరతనం ఉండి తీరాలి.

ఆ రోజు నేను చూసింది హిందీ ప్రదర్శన. కన్నడం రాని తెలుగువారి మొదటి ప్రశ్నకు ఇదే జవాబు: ఇక్కడ కన్నడంతోపాటు హిందీ, ఇంగ్లీషు నాటకాలు ఏడాది పొడవునా ఉంటాయి, ఇతర భాషల బృందాలూ వస్తుంటాయి. కన్నడ నాటకం విషయంలోనూ అంతగా భయపడనక్కరలేదు. బెంగళూరులో నాలుగేళ్ళు కాపురం ఉన్న తెలుగువాడికి కూరగాయల బజారు కన్నడం వచ్చి ఉంటుంది, సాంఘిక నాటకానికి అది దాదాపు సరిపోతుంది. పాత కావ్యభాషలో నడిచే నాటకానికి మాత్రం కథ ముందే తెలుసుకుని వెళ్ళడం మేలు.

నియమాల దగ్గరికి వస్తే, అందరికీ తెలిసినదీ అందరూ విసుక్కునేదీ సమయపాలన. ఏడున్నరకు నాటకం అంటే ఏడున్నరకే తలుపు మూస్తారు. ఆ తర్వాత వచ్చినవారు మంత్రిగారి బంధువైనా, నటుడి బావమరిది అయినా లోపలికి వెళ్ళేది లేదు. ట్రాఫిక్ అన్న కారణం బెంగళూరులో అన్ని చోట్లా చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. మొదట్లో ఇది నాకు అతిగా తోచింది. నగరం చివర ఉన్న కంపెనీలో ఆరింటిదాకా పనిచేసి, సిల్క్‌బోర్డు కూడలి రద్దీ దాటుకుని వచ్చేవారి పట్ల ఇది కఠినమేనని ఇప్పటికీ అనుకుంటాను. అయితే వేదిక ఇంత దగ్గరగా ఉన్నప్పుడు, తొలి రంగంలో ఫోను వెలుతురుతో సీటు వెతుక్కుంటూ వచ్చే ఒక్క మనిషి చాలు, నటి అరగంట ముందునుంచీ మనసులో పోగుచేసుకున్నది చెదిరిపోవడానికి. ఈ నియమం పెట్టినవారు అటువైపు నిలబడి ఆ చెదిరిపోవడాన్ని అనుభవించినవారు. మన సభల్లో ముఖ్య అతిథి రాలేదని నాటకాన్ని గంటసేపు ఆపి, ఆయన వచ్చాక శాలువాల కార్యక్రమం పెట్టి, రాత్రి పదింటికి అలిసిపోయిన పిల్లలతో మొదటి రంగం ఆడించే పద్ధతిని ఎరిగినవారెవరూ రంగశంకర నియమాన్ని మరీ తప్పుపట్టలేరు.

తినుబండారాలు లోపలికి తీసుకువెళ్ళనివ్వరు, ఫోను కట్టేయమంటారు. సాధారణంగా సీట్లకు నంబర్లు ఉండవు, ముందు వచ్చినవారికి ముందు సీటు. దీనికి తగినట్టు కింద ఉన్న అంజూస్ కేఫ్ మంచి కాలక్షేపం. అక్కి రొట్టె, సగ్గుబియ్యం వడ ఇక్కడి పేరున్న పదార్థాలు. ఏడుకల్లా చేరి ఒక రొట్టె తిని కాఫీ తాగితే ఆకలి తీరుతుంది, తలుపు మూసేస్తారన్న బెంగా ఉండదు. నాటకం అయ్యాక నటీనటులు రంగు కడుక్కుని అక్కడికే వస్తుంటారు, మాట్లాడాలనుకుంటే మాట్లాడవచ్చు. హైదరాబాదు బంజారాహిల్స్‌లోని లామకాన్‌కు వెళ్ళేవారికి ఈ వాతావరణం కొత్తగా అనిపించదు, అక్కడా చాయ్ సమోసాల దగ్గరే సగం చర్చలు జరుగుతాయి. కాకపోతే లామకాన్ అన్ని కళలకూ మాటలకూ చోటిచ్చే ప్రాంగణం, రంగశంకర నాటకానికే కట్టుబడిన శాల.

రెండో ప్రశ్న, డబ్బుకు తగినది దొరుకుతుందా అన్నది. టికెట్టు ధర నాటకాన్ని బట్టి మారుతుంది, మామూలుగా మల్టీప్లెక్సు సినిమాకు పెట్టేదానికి మించదు. నాణ్యత విషయంలో మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. సోమవారం తప్ప వారమంతా నాటకం ఉండాలన్నది ఇక్కడి సంకల్పం, బృందాలకు అద్దె తక్కువగా ఉంచడం విధానం. దీనివల్ల కొత్తవారికి దారి దొరుకుతుంది. కొత్తవారికి దారి దొరికిన చోట పచ్చివి కూడా వేదికెక్కుతాయి. హాలు పేరు చూసి టికెట్టు కొంటే ఒకనాడు అద్భుతమూ, మరునాడు కాలేజీ వార్షికోత్సవ స్థాయి హాస్యమూ తగలవచ్చు. వారాంతాల్లో నిండిపోయేవి ఎక్కువగా నవ్వుల నాటకాలే. అందువల్ల బృందం పేరు, దర్శకుడి పేరు చూసి ఎంచుకోవడం మంచిది. ఇంకొకటి: పేరున్న తారలను చూసి టికెట్లు కొనేవారికి ఈ హాలు కొంత నిరాశే కలిగిస్తుంది, తెలిసిన ముఖాలు ఉన్న నాటకాలు తక్కువ.

అన్ని రకాల నాటకాలకూ ఈ వేదిక సరిపోదన్నది కూడా చెప్పాలి. మన సురభివారు చూపే మాయలు, ఆకాశంలోంచి దిగివచ్చే నారదుడు, క్షణంలో మారే దర్బారు తెరలు, మంటల్లోంచి లేచే రాక్షసుడు, ఇవన్నీ వెనుక లోతూ పైన ఎత్తూ ఉన్న, ముందు తెర ఉన్న పెట్టెలాంటి రంగస్థలాన్ని కోరుకుంటాయి. అయితే సురభి కళాకారులు తెరలను నమ్ముకున్నవారే గానీ వాటికి బానిసలు కారు. కన్నడ దర్శకుడు బి.వి.కారంత్ 1990లలో వారితో పనిచేసి, బ్రెహ్ట్ మరో నాటకాన్ని 'బస్తీ దేవత యాదమ్మ'గా తెలుగులో ఆడించారు. హులగవ్వగా అరుంధతి, యాదమ్మగా సురభి నటి, ఇద్దరూ ఒకే జర్మన్ రచయిత తల్లివేరు నుంచి వచ్చిన పాత్రల్నే పక్కపక్క భాషల్లో ఆడారన్నది మన రెండు రంగస్థలాల చరిత్రలో ఎవరూ పెద్దగా చెప్పుకోని బంధుత్వం.

ఇంత ఉండీ ఇక్కడ తెలుగు నాటకం కనిపించడం అరుదు. ఇందులో హాలు తప్పేమీ లేదు, మన నాటకం నడిచే తీరులోనే ఆ కారణం ఉంది. మన సాంఘిక నాటకం, నాటిక ఎక్కువగా పరిషత్తు పోటీల కోసం తయారవుతాయి. గంట నిడివి, న్యాయనిర్ణేతల ముందు ఒక్క ప్రదర్శన, బహుమతి, మళ్ళీ మరో ఊరు. ఈ ఏర్పాటు వందలాది ఊళ్ళలో నాటకాన్ని బతికించిందన్నది నిజం, మంచి నటులనూ ఇచ్చింది. టికెట్టు కొనే ప్రేక్షకుడి ముందు, ఒకే హాల్లో, ఒకే పాత్రను ఏళ్ళ తరబడి ఆడే అవకాశాన్ని మాత్రం ఇవ్వలేకపోయింది. మంజుల నాయక్ పాత్రను అరుంధతి ఏళ్ళపాటు ఆడారు. నేను చూసిన ఆ చేతిసంచీ కదలిక మొదటి ప్రదర్శన నాటికే పుట్టి ఉంటుందని నేననుకోను. ఎన్నో సాయంత్రాలు, ఎన్నో రకాల నవ్వులు దాటాక గానీ అలాంటిది నటికి చిక్కదు.

వెళ్ళదలచినవారికి కొన్ని వివరాలు. రోజూ నాటకం సాధారణంగా సాయంత్రం ఏడున్నరకు, శని ఆదివారాల్లో మధ్యాహ్నం మూడున్నరకు కూడా ఉంటుంది. 2025 ఆగస్టులో మొదలైన పసుపు లైను మెట్రోలో రాగిగుడ్డ స్టేషనులో దిగి ఆటో పట్టుకుంటే ఎలక్ట్రానిక్ సిటీ వైపునుంచి వచ్చేవారికి ప్రయాణం మునుపటికంటే తేలిక. కారు కంటే ఇదే మేలు, చుట్టూ ఉన్నవి ఇరుకు వీధులు. పిల్లలు ఉన్నవారు 'ఆహా' పేరుతో జరిగే బాలల నాటకాలతో మొదలుపెట్టవచ్చు. నాటకం బొత్తిగా కొత్త అయినవారు మధ్యాహ్నం ప్రదర్శనకు, ఇద్దరు ముగ్గురు పాత్రధారులే ఉన్న చిన్న నాటకానికి వెళ్ళి, వీలైతే రెండో మూడో వరుసలో పక్కవైపు సీటు చూసుకుని కూర్చోవాలి. వేదిక ముందుకు వచ్చి ఉండడంవల్ల పక్కనుంచి చూస్తే ఒక నటుడు మాట్లాడుతున్నప్పుడు రెండో నటుడు ఎలా వింటున్నాడో కనిపిస్తుంది.